మెర్విన్ గిటారుకు స్నానం

డెంజిల్ ఫెయిర్లీ నా మేనకోడలి పెరట్లోకి తెల్లని నూలు చేతొడుగులు తొడుక్కుని ప్రవేశించాడు. తన చేతి చెమట గిటారుకు అంటకూడదన్నది ఆయన పట్టుదల. గిటారు మీదున్నది తన చేతికి అంటవచ్చునన్న ఆలోచన ఆయనకు ఆ సాయంత్రం దాకా రాలేదు. ఆ తరువాతైనా వచ్చిందనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఫెయిర్లీ అడిలైడ్ మనిషి. పాత గిటార్ల మీద వ్యాసాలు రాస్తాడు, వాటిని గాజు బీరువాల్లో నిలబెడతాడు, వాయించడు. పోర్ట్ హారిగన్ కార్మికుల క్లబ్బుకు నూరేళ్ళు నిండుతున్న సందర్భంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చెయ్యమని మా కమిటీవాళ్ళు ఆయనను పిలిపించారు. వచ్చిన దగ్గరనుంచి ఆయన కన్ను నా తమ్ముడు మెర్విన్ గిటారు మీదే ఉంది. మెర్విన్ కిందటి చలికాలంలో చనిపోయాడు. బతికినంత కాలం సీసం కరిగించే కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేశాడు. ప్రతి శుక్రవారం షిఫ్టు దిగి, స్నానమైనా చెయ్యకుండా క్లబ్బుకు వెళ్ళి ఆ ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు వాయించాడు. వాడి బ్యాండు సాధన చేసింది కూడా కార్ఖానా భోజనాల షెడ్డులోనే. అంత్యక్రియలయ్యాక వాడి కూతురు కొరీన్ ఆ గిటారును తన ఇంటికి తెచ్చుకుంది.

మా ఊళ్ళో ఇళ్ళు ఊడవరు, తడిగుడ్డతో తుడుస్తారు. కార్ఖానా పొగగొట్టం నుంచి రాలేది చీపురు తగిలితే లేచి ముక్కులోకి పోతుంది కాబట్టి. మా పిల్లలకు మాటలకన్నా ముందు చేతులు కడుక్కోవడం వస్తుంది. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ క్లినిక్‌లో వేలు పొడిచి రక్తంలో సీసం ఎంతుందో చూస్తారు. ఇతర ఊళ్ళలో తల్లులు బిడ్డ బరువు చెప్పుకున్నట్టు మా తల్లులు ఆ అంకె చెప్పుకుంటారు. కొరీన్ కూతురు ఐవీ అంకె మొదటిసారే ఎక్కువ. రెండోసారి ఇంకా పెరిగింది. ఇలాగే పెరిగితే దాని ఎదుగుతున్న మెదడుకు ఏమవుతుందో నర్సు మెత్తని గొంతుతో చెప్పింది. మెత్తగా చెప్పినంత మాత్రాన అది మెత్తని విషయం కాలేదు.

"ఇంట్లోకి ఈమధ్య కొత్తగా ఏమైనా వచ్చిందా?" అని అడిగిందట నర్సు.

వచ్చింది ఒక్కటే. మెర్విన్ గిటారు.

అందుచేత కొరీన్ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ గిటారు శుభ్రపడితే ఇంట్లో ఉంటుంది, దాని మీద తాతగారి పాటలు వింటూ ఐవీ పెరుగుతుంది. శుభ్రపడదంటే ఆ రోజే ఫెయిర్లీ కారెక్కుతుంది. ఎటూ తేలకుండా ఇంకో రాత్రి దాన్ని బిడ్డ ఉన్న కప్పు కింద ఉంచనని నాకు ఫోన్ చేసి చెప్పింది. కొరీన్ భర్త ఉత్తరాన గనుల్లో ఉన్నాడు. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. గాలి కదలని శనివారం చూసుకుని, పెద్ద ప్లాస్టిక్ పట్టా, రబ్బరు చేతొడుగులు, తెల్లని పాత దుప్పటి చింపిన గుడ్డలు పట్టుకుని వెళ్ళాను.

గిటారును పెట్టెలోంచి తీసి పెరటి బల్ల మీద పడుకోబెట్టేసరికి ఫెయిర్లీ చేతొడుగుల వేళ్ళు పదింటితోనూ దాన్ని ఒకసారి తడిమి, చేతులు రెండూ గుండెకు ఆనించుకున్నాడు.

"మేడమ్, దయచేసి నా మాట వినండి. దీన్ని తుడిచారంటే ఆ మనిషిని తుడిచేసినట్టే. ఇది మురికనుకుంటున్నారా? ఇదంతా ఆయన చెమట. ఆయన శుక్రవారాలు."

"చెమటలో ఉప్పుంటుంది, ఫెయిర్లీ గారూ. శుక్రవారాలుండవు."

"మీకు వెటకారంగా ఉంది. ఒక వాయిద్యానికి ఆత్మ అనేది ఎక్కడుంటుందో తెలుసా మీకు?"

"తెలియదు. సీసం ఎక్కడుంటుందో తెలుసు."

కొరీన్ ఐవీని చంకనేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "మీరిద్దరూ తరవాత పోట్లాడుకోండత్తా. ముందు ఇది అవుతుందా అవదా, అది చెప్పు నాకు."

"అవుతుంది," అన్నాను. "ఈయన నోరు, చేతులు అదుపులో పెట్టుకుంటే."

ఆయన పెట్టుకోలేదు. జేబులోంచి ఆడవాళ్ళు బుగ్గలకు రంగద్దుకునే కుంచెలాంటిదొకటి, పిచికారీ తిత్తిలాంటి రబ్బరు బుడగ ఒకటి బయటికి తీశాడు. "నిపుణులు చేసే పద్ధతి ఇదొక్కటే. పొడిగా. ఊపిరంత సున్నితంగా," అంటూ బుడగను తీగల కిందికి గురిపెట్టి నొక్కాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది కనుక అందరికీ కనిపించింది: బూడిదరంగు దుమ్ము ఒక ముద్దగా లేచి, విడిపోయి, తీరిగ్గా గుమ్మం వైపు సాగింది.

"తలుపు వేసుకో కొరీన్!"

తలుపు దభాలున మూసుకుంది. నేను బుడగను ఆయన చేతిలోంచి తీసుకుని నీళ్ళ గిన్నెలో వేశాను. అది ఒకసారి బుడబుడలాడి మునిగిపోయింది.

"అది జర్మనీ నుంచి తెప్పించుకున్నాను!"

"మంచిది. ఇక్కడికి తేకుండా ఉండవలసింది."

నాకు ఈ జాతి మనుషులు కొత్త కాదు. చనిపోయిన కార్మికుడి మురికంటే వీళ్ళకు మహా ఇష్టం. బతికున్న కార్మికుడు అదే మురికితో వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటే లేచి కిటికీ తెరుస్తారు.

ఈ లోగా పక్కింటి మోరీన్ పాస్కో కంచె తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో ఆవిర్లు కక్కే బకెట్, భుజాన నేల తుడిచే గుడ్డ. ఊళ్ళో మోరీన్ ఇంటి కిటికీ గట్లంత తెల్లని కిటికీ గట్లు లేవు. ఆ సంగతి మోరీనే అందరికీ చెబుతుంది. ఆమె కొడుకులిద్దరూ నా క్లాసులో చదివారు. ఒక్క సమీకరణమూ వాళ్ళ తలకెక్కించలేకపోయాను. ఆ మాట అవకాశం దొరికినప్పుడల్లా ఆమెకు గుర్తు చేస్తూ ఉంటాను.

"ఏమిటే గ్వెండా, ఇంకా దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారా? ఒక్కసారి ముంచి తీస్తే పోయేదానికి!"

"ఏముంది అందులో?"

"గోడలు కడిగే సబ్బు. మా వంటింటి అలమరాలు, కుర్చీలు, మా ఆయన కట్టుడుపళ్ళు, అన్నీ దీంతోనే."

"పాపం పాస్కో. గిటారులో కరెంటు తీగలుంటాయి మోరీన్."

"మా టీవీలో లేవేమిటి? వారానికి మూడుసార్లు తుడుస్తాను."

"బకెట్లో ముంచుతావా?"

మోరీన్ ఆలోచించింది. ముంచనని ఒప్పుకోవడానికి ఆమె అహం అడ్డొచ్చింది. మాట మార్చి, ఏప్రన్ జేబులోంచి నీలగిరి తైలం సీసా తీసింది. "సరే, ఇది రాయి. దీనికి లొంగని జిడ్డు ఈ దేశంలోనే లేదు."

"రంగు కూడా లొంగుతుంది దానికి. ఆ పాత వార్నిష్ మెత్తబడి, వేలిముద్రలు దిగబడి, నీ వంటింటి అలమరాలాగే తయారవుతుంది."

"మా అలమరాకేం రోగం?"

"రోగమేమీ లేదు. గిటారు కాదు, అంతే."

ఫెయిర్లీ మెల్లగా నవ్వాడు. ఆ నవ్వుతో తాను నా పక్షమని అనుకున్నాడు కాబోలు. ఒకడు దుమ్మును పూజించి గాలిలోకి ఊదుతాడు. ఇంకొకతె దుమ్ముతో పాటు వస్తువునే కడిగి పారబోస్తుంది. ఇద్దరూ తమకు తెలుసుననే అనుకుంటారు. మోరీన్‌కు కనీసం దుమ్మంటే భయం ఉంది. ఆ మేరకు ఆమె మెరుగు. బకెట్‌ను కంచె పక్కన పెట్టించి, ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి నేను పని మొదలుపెట్టాను.

ముందు తీగలు వదులు చేసి, విప్పి, చుట్టి సంచిలో వేశాను. తుప్పు తిన్న తీగ కొస చేతొడుగునైనా చీల్చుకుని వేలిలోకి దిగుతుంది. తీగల కింద అయస్కాంతాలుంటాయి. వాటి మీద, మీటల చుట్టూ, వైరు గుచ్చే రంధ్రం మీద కాగితపు టేపు అంటించాను, తడి లోపలికి పోకుండా. ఇనుప పీచు వాడకూడదా అని మోరీన్ అడిగింది. దాని పొడి అయస్కాంతాలకు అతుక్కుంటే మరి ఊడిరాదని చెప్పాను. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క. గుడ్డను ముంచి, పిండి, మళ్ళీ పిండి, మోచేతికి ఆనిస్తే చల్లదనం తెలియాలి గాని తడి అంటకూడదు. మొదట వెనకవైపు, ఎవరి కంటా పడని మూలన ఒత్తి చూశాను. గుడ్డకు ఎరుపు రాలేదు. నలుపు వచ్చింది.

"అయ్యో," అన్నాడు ఫెయిర్లీ, తన రక్తమే పోతున్నట్టు.

"ఈ నలుపు కావాలంటే గుడ్డ ఇస్తాను, పట్టుకుపోండి."

ఒక్కొక్క జానెడు మేర తుడవడం, అప్పటికప్పుడే పొడిగుడ్డతో అద్దడం. పాత వార్నిష్ నిండా సాలెగూడులా సన్నని పగుళ్ళున్నాయి; నీళ్ళు నిలిస్తే వాటిలోంచి చెక్కలోకి దిగుతాయి. మెడ మీది మెట్ల మధ్య పేరుకున్నదాన్ని తడిపిన పళ్ళబ్రష్షుతో వదిలించాను. వాడిన గుడ్డ వాడినట్టే సంచిలోకి. మళ్ళీ నీళ్ళలో ముంచితే నీళ్ళే మురికవుతాయి. బిరడాల వెనక, పట్టీ కొక్కేల కింద, ఎక్కడెక్కడ మెర్విన్ చొక్కా చెయ్యి రాసుకునేదో అక్కడంతా. పనిలో పడ్డాక బెంచీ మీద మాటలు కూడా తగ్గాయి. చివరికి కొత్త గుడ్డ తడిపి గిటారు మొత్తం మీద ఒకసారి నడిపాను. అది వెళ్ళినంత తెల్లగానూ తిరిగివచ్చింది. దాన్ని కిటికీ అద్దం మీదుగా కొరీన్‌కు చూపించాను.

ఆమె తలుపు తెరుచుకుని వచ్చింది. ఎర్ర గిటారు ఎండలో, మెర్విన్ దాన్ని దుకాణంలో చూసి మోహపడ్డనాటి రంగులో ఉంది. ఆమె పెదవి కొరుక్కుంది.

"అంటే ఉంచుకోవచ్చా అత్తా?"

"ఉంచుకోవచ్చు. గోడకు ఎత్తున తగిలించు. వాయించాక చేతులు కడుక్కో."

ఆమె తల ఊపింది. చంకలో ఐవీ నిద్రమత్తుతో రాగం అందుకుంది. ఫెయిర్లీ తన చేతొడుగులు ఒక్కొక్క వేలే లాగి విడిచి, మడిచి జేబులో పెట్టుకుని, చెయ్యైనా కడుక్కోకుండా మోరీన్ తెచ్చిన కొబ్బరి కేకు అందుకున్నాడు. నేను మాట్లాడబోయి ఊరుకున్నాను. ఆయన మెదడు ఎదగడం ఎప్పుడో ఆగిపోయింది.

అప్పుడు కొరీన్, ఇంకేదో ఆలోచిస్తూ, కాలితో గిటారు పెట్టెను నీడలోకి జరిపింది. మూత వెనక్కి వాల్చి గోడకు ఆనించింది. భుజం మీది పల్చని దుప్పటి ఒంటిచేత్తో విదిలించి లోపల పరిచింది. ఐవీని అందులోకి దింపబోయింది.

"ఆగు," అన్నాను.

"ఏంటత్తా?"

"ఏం చేస్తున్నావు?"

"పడుకోబెడుతున్నా. దీని నిద్రవేళ ఇది." నా ముఖం చూసి నవ్వబోయింది. "రోజూ ఇందులోనే పడుకుంటుందత్తా. మంచం మీద ఏడుస్తుంది, ఇందులో వేస్తే చాలు, గమ్మునైపోతుంది. నాన్న వాసన వస్తుంది కదా. నేనూ ఇందులోనే నిద్రపోయానంటగా, క్లబ్బులో, మీరంతా డాన్సు చేస్తుంటే?"

నిద్రపోయింది. అందరి పిల్లలూ నిద్రపోయారు. శుక్రవారం డాన్సుల్లో వేదిక తెర వెనక బ్యాండువాళ్ళ పెట్టెలు వరసగా మూతలు తెరిచి ఉండేవి; ఒక్కొక్క పెట్టెలో ఒక్కొక్క బిడ్డ. అది మా ఊరి ముచ్చట. ఆ ముచ్చట కోసమే ఫెయిర్లీ కిందటి నెలలో, పెట్టెలో నిద్రపోతున్న ఐవీని ఫొటో తీసి, పెద్దది చేయించి క్లబ్బు గోడకు తగిలించాడు. నేను క్లబ్బుకు వెళ్ళను కనుక చూడలేదు. మిగతా ఊరంతా చూసింది. వేలితో కిటికీ గట్టు గీసి చూడనిదే ఎదుటివాళ్ళ ఇంట్లో టీ ముట్టని ఊరు అది. వందలమంది ఆ ఫొటో ముందు నిలబడి "ఎంత ముద్దుగా ఉందో" అన్నారు. ఒక్కరూ ఆ బిడ్డ బుగ్గ కింద ఉన్నదేమిటని అడగలేదు.

నేను దుప్పటి తొలగించి, కొత్త గుడ్డ తడిపాను. పెట్టె లోపల నీలిరంగు మఖమల్. గిటారు మెడ ఆనేచోట నీలం పోయి బూడిదరంగు తేలింది. అక్కడ కాదు, దిండు వైపు, ఐవీ తల పెట్టేచోట గుడ్డను ఒత్తి తీశాను. నల్లగా వచ్చింది. మడత మార్చి ఒత్తాను. నల్లగా వచ్చింది. ఇంకో గుడ్డ. ఎన్ని మడతలు మార్చినా నలుపు తగ్గలేదు.

గిటారు మీది చివరి తెల్లగుడ్డ బల్ల మీద పక్కనే ఉంది.

కొరీన్ ఐవీని రెండు చేతులతోనూ పొదివి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "రోజూ పడుకోబెట్టానత్తా," అంది. "రోజూ. నేనే."

"మా వాళ్ళిద్దరూ డ్రమ్ము పెట్టెలో పడుకునేవాళ్ళు," అంది మోరీన్, ఎవరినీ ఉద్దేశించకుండా. "డ్రమ్ము పెట్టె వెడల్పుగా ఉంటుందని ఇద్దరినీ ఒకదాన్లోనే వేసేదాన్ని."

నా క్లాసు వెనక బెంచీలో, బోర్డు వైపు చూస్తూ, ఏమీ అందుకోలేక కూర్చున్న ఆమె కొడుకుల ముఖాలు నాకు కనిపించాయి. మోరీన్ నా వైపు చూడలేదు. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

ముందుగా తేరుకున్న ఘనత ఫెయిర్లీదే. కేకు కింద పెట్టి లేచాడు.

"సరే, అర్థమైంది, పెట్టె ఇంట్లో ఉండకూడదు. అంతే కదా? నేను తీసుకుపోతాను. నిజం చెప్పాలంటే అమ్మా కొరీన్, నాకు గిటారుకన్నా ఇదే ముఖ్యం. ఇలాంటి గిటార్లు ఇంకా దొరుకుతాయి. అసలు మఖమల్‌తో, అసలు తాళాలతో పెట్టె దొరకడం..." ఆయన ఒంగి మఖమల్‌ను ఉత్తచేతితో నిమిరాడు. "చూడండి, ఆయన చెయ్యి తగిలి అరిగిన గుర్తు కూడా ఉంది. పిల్లలందరూ పడుకున్న పెట్టె! ప్రదర్శనకు పెడితే పిల్లల తల్లులు వరస కడతారు. అనుకుంటే మళ్ళీ ఒక బుజ్జిగాడిని పడుకోబెట్టి..."

కొరీన్ ఐవీని నాకు అందించింది. చేతొడుగులు విడిచి బిడ్డను తీసుకున్నాను. ఆమె నేరుగా కంచె దగ్గరికి నడిచి, మోరీన్ బకెట్ రెండు చేతులా ఎత్తి తెచ్చింది.

"అమ్మాయ్! అమ్మాయ్, వద్దు, అది అసలుది..."

"జరగండి సార్."

"ఒక్క మాట విను..."

"మీ బూట్లు తడుస్తాయి. జరగండి."

గోడలు కడిగే సబ్బునీళ్ళు బకెట్టంతా పెట్టెలో పోసింది. మఖమల్ ఒక్క క్షణం తేలి, మునిగి, నల్లని నీళ్ళు వెళ్ళగక్కింది. ఫెయిర్లీ నోటినుంచి వచ్చిన శబ్దం ఐవీ ఏడుపును మించింది. మోరీన్ అప్పటికే ప్లాస్టిక్ పట్టా అంచులు పైకి మడిచి పట్టుకుంది, ఒక్క చుక్క నేల మీద పడకుండా. "పోసెయ్యి పిల్లా," అంది. "తడిస్తే ఇంక లేవదు. ఇంట్లో ఇంకో బకెట్ ఉంది." ఐవీని ఇంట్లో నిద్రపుచ్చాక మేం ముగ్గురం దాన్ని పట్టాలోనే చుట్టి, కట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోటికి పంపించాం. గుడ్డల సంచీ దానితోనే పోయింది.

తరువాతి పరీక్షలో ఐవీ అంకె తగ్గింది. ఆ తరువాతిదానిలో ఇంకొంచెం తగ్గింది. ఇంకో ఊరి బిడ్డకు ఉండవలసినంత తక్కువ కాదు. పొగగొట్టం ఉన్నచోటే ఉంది. తగ్గిందన్నది మాత్రం నిజం. కొరీన్ ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, చెప్పలేక, కొత్త తీగలు బిగించిన గిటారు మీద ఒక్కసారి గట్టిగా మీటి ఫోన్ దగ్గర పెట్టింది.

క్లబ్బు నూరేళ్ళ సాయంత్రం నేను చాలాకాలం తరువాత ఆ గడప తొక్కాను. ఫెయిర్లీ గాజు బీరువాలో ఒక అర ఖాళీగా ఉంచి, దాని ముందు ఒక చిన్న అట్ట నిలబెట్టాడు: ఇక్కడ ఉండవలసిన అమూల్యమైన పెట్టె అజ్ఞానం వల్ల నాశనమైంది. అందులో బిడ్డ ప్రస్తావన లేదు. కొరీన్ గోడ మీది ఫొటో తనే దింపి, చంకన పెట్టుకుని, కమిటీవాళ్ళ ముందే మాట్లాడింది. ఇళ్ళల్లో పాత పెట్టెలున్నవాళ్ళు తెల్లగుడ్డ తడిపి ఒత్తి చూసుకోమంది. కొందరు తల ఊపారు. ఎక్కువమంది అవి మా నాన్నవి, మా తాతవి, వాటికేం కాదు అన్నారు. ఆమె వేదిక ఎక్కి గిటారు తగిలించుకుంది.

ఐవీ మోరీన్ ఒడిలో మెలకువగానే ఉంది. ఫెయిర్లీ మా బల్ల దగ్గరికి వచ్చి, తనకు ఎవరి మీదా కోపం లేదని చూపించడానికి కాబోలు, ఒంగి పాప బుగ్గ వైపు చెయ్యి చాచాడు. తెల్లని చేతొడుగులు వేసుకునే ఉన్నాడు. ఆ రోజువే.

మోరీన్ ఐవీని అవతలి మోకాలి మీదికి మార్చింది. "ముందు చేతులు కడుక్కుని రండి."

"చేతొడుగులున్నాయి కదమ్మా?" అని ఆయన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. వేళ్ళ కొసలు పదీ బూడిదరంగులో ఉన్నాయి.